మాటలు లేని నలభై అయిదు నిమిషాలు



ఈ పూట మీతో ఒక రికార్డు గురించి మాట్లాడదామని వచ్చాను. రాక్ సంగీతం రికార్డు. రాక్ అనగానే జుట్టు విరబోసుకుని, మైకు పట్టుకుని గొంతు చించుకునే గాయకుడు మీ మనసులో మెదిలి ఉంటాడు. ఇందులో ఆయన లేడు. పల్లవి లేదు, చరణం లేదు, అసలు సాహిత్యమే లేదు. ఉన్నది ముగ్గురు కుర్రవాళ్ళు. ఒకరి చేతిలో గిటార్. ఒకరి చేతిలో బేస్ గిటార్. ఒకరి ముందు డ్రమ్స్. అంతే.

రికార్డులో అంశాలు కూడా రెండే రెండు. ఈ వైపు ఒకటి, ఆ వైపు ఒకటి. మొదటిది 20 నిమిషాలకు కాస్త తక్కువ. రెండోది 25 నిమిషాలకు కాస్త ఎక్కువ. రేడియో వారు నాకిచ్చిన సమయమంతా ధారపోసినా మొదటి అంశం ఒక్కటైనా మీకు పూర్తిగా వినిపించగలనో లేదో. అందుకే వినిపించే పని పెట్టుకోకుండా, చెప్పే పని పెట్టుకున్నాను.

బృందం పేరు ఆష్ రా టెంపెల్. కొత్త పేరు కదా, మళ్ళీ చెబుతాను. ఆష్ రా టెంపెల్. రికార్డుకూ అదే పేరు. 1971 మార్చిలో వాయించారు. ఆ వేసవిలోనే విడుదలైంది. వాళ్ళ ఊరు పశ్చిమ బెర్లిన్.

ఈ తరహా సంగీతాన్ని హెవీ సైకడెలిక్ రాక్ అంటారు. పేరు విని బెదిరిపోకండి. ఆంప్లిఫయర్‌ని పూర్తిగా పెంచి వాయిస్తే గిటార్ తీగ సన్నగా మోగడం మానేస్తుంది. గరగరమంటూ, మందంగా, ఛాతీకి తగిలేట్టు మోగుతుంది. అది హెవీ. ఇక ప్రతిధ్వనులతో, ఎంతకీ తెగని స్వరాలతో, వినేవాడికి ఎంతసేపయిందో తెలియకుండా చేయడం సైకడెలిక్. మందమైన నాదం, లెక్క తప్పిన కాలం. ఈ రెండూ గుర్తుంటే చాలు, మిగతాది వింటుంటే తెలుస్తుంది.

ఇంకొక్క మాట మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. జామ్. రొట్టె మీద రాసుకునేది కాదులెండి. ముందుగా ఏమీ రాసుకోకుండా, కలిసి కూర్చుని, అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడాన్ని జామ్ అంటారు.

ఇది రాక్ వాళ్ళు కనిపెట్టింది కాదు. 1940ల్లో న్యూయార్క్‌లోని హార్లెమ్ పేటలో మింటన్స్ ప్లేహౌస్ అని ఒక క్లబ్బు ఉండేది. ఊళ్ళోని జాజ్ వాద్యకారులు పొద్దుపోయేదాకా తమ తమ కొలువుల్లో జనం డాన్సులాడటానికి వాయించి, ఆ పని ముగిశాక అక్కడికి చేరేవారు. ఇక అక్కడ వాయించేది జీతం కోసం కాదు. ఒకరి సత్తా ఒకరు చూసుకోవడానికి. పియానో దగ్గర థెలోనియస్ మంక్, డ్రమ్స్ దగ్గర కెన్నీ క్లార్క్. బీబాప్ అనే కొత్త జాజ్ రూపు కట్టిన చోట్లలో అది ముఖ్యమైనది.

1960ల చివరికి ఆ అలవాటు రాక్‌లోకి వచ్చింది. ఇంగ్లండులో క్రీమ్, అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ స్టేజి ఎక్కితే ఒకే పాటను పావుగంట, ఇరవై నిమిషాలు నడిపించేవారు. అయితే వాళ్ళు పాట దగ్గర బయల్దేరి, ఎటో తిరిగి, మళ్ళీ పాట దగ్గరికే వచ్చేవారు. బెర్లిన్ కుర్రవాళ్ళు బయల్దేరడానికి పాటే లేకుండా చేసుకున్నారు. తేడా అక్కడుంది.

ఎందుకలా చేసుకున్నారో తెలియాలంటే ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

అప్పటి పశ్చిమ బెర్లిన్ ఒక వింత ఊరు. నాలుగు పక్కలా తూర్పు జర్మనీ. 1961 నుంచి చుట్టూ గోడ. పశ్చిమ జర్మనీలో కుర్రవాళ్ళు కొంతకాలం తప్పనిసరిగా సైన్యంలో పనిచేయాలి. పశ్చిమ బెర్లిన్‌లో కాపురముండేవాళ్ళకు ఆ నిబంధన లేదు. దాంతో తుపాకి పట్టడం ఇష్టంలేని పిల్లలు ఎక్కడెక్కడినుంచో అక్కడికి చేరారు. పైగా ఆ ఊళ్ళో బార్లకు మూసే వేళంటూ లేదు. గోడ మధ్య ఊరు, మిలిటరీ పిలుపు రాని కుర్రవాళ్ళు, తెల్లవార్లూ తెరిచుండే తలుపులు. సంగీతానికి ఇంకేం కావాలి?

కానీ ఆ తరానికి ఓ ఇబ్బంది ఉంది. వాళ్ళు యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళలో పుట్టినవాళ్ళు. ఇంట్లో పెద్దలు వినే తియ్యతియ్యటి జర్మన్ పాటలు వాళ్ళకు గిట్టవు. యుద్ధకాలంలో మీరేం చేశారని ఆ పెద్దల్ని అడిగితే జవాబు రాదు. ఇక మిగిలింది అమెరికా పాట, ఇంగ్లండు పాట. అవి ప్రాణం. ప్రాణమే గాని, ఎంత బాగా వాయించినా ఎరువు సొమ్మే.

గిటార్ వాయించే కుర్రవాడి పేరు మానుయెల్ గోట్షింగ్. బేస్ వాయించే కుర్రవాడు హార్ట్‌మూట్ ఎన్కె. ఇద్దరూ 1952లో పుట్టారు. బళ్ళో స్నేహితులు. చిన్నప్పుడు గోట్షింగ్ శాస్త్రీయ గిటార్ పాఠాలు చెప్పించుకున్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి బ్లూస్ బృందం పెట్టారు. ఆ బృందంలోంచి ఆష్ రా టెంపెల్ ఎలా వచ్చిందంటే, నాకు తోచేది ఇది. పాట తీసేశారు. పాటతో పాటు ఇంగ్లీషూ పోయింది. తీగను వేలితో లాగి స్వరాన్ని వంచే బ్లూస్ పద్ధతి ఒక్కటి ఉంచుకున్నారు. మిగతా స్థలమంతా ఖాళీ. ఆ ఖాళీలో వాయించారు.

ఊరు కూడా సాయం చేసింది. 1968లో జోడియాక్ అని ఒక చోటు తెరిచారు. ఒక గది మొత్తం నల్ల రంగు, ఇంకో గది మొత్తం తెల్ల రంగు. అక్కడ ఎవరు ఏ శబ్దం చేసినా కాదనేవాళ్ళు లేరు. ఎక్కువ కాలం నడవలేదు గాని, ఎందరికో ధైర్యం నేర్పింది. ఆ తర్వాత టోమాస్ కెస్లర్ అనే స్విట్జర్లాండ్ స్వరకర్త నడిపిన బీట్ స్టూడియో వచ్చింది. ఆధునిక పాశ్చాత్య సంగీతం చదువుకున్న మనిషి ఆయన. రాక్ కుర్రవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, శబ్దాన్ని ఎన్ని రకాలుగా వాడొచ్చో చూపించాడు. ఆష్ రా టెంపెల్ సాధన అక్కడే.

మూడో కుర్రవాడి పేరు క్లౌస్ షుల్జె. వీళ్ళిద్దరికంటే అయిదేళ్ళు పెద్ద. అప్పటికే టాంజరిన్ డ్రీమ్ అనే బృందం మొదటి రికార్డులో డ్రమ్స్ వాయించి బయటికి వచ్చేశాడు.

ఇక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఎన్కె లండన్ వెళ్ళి పెద్ద పెద్ద స్పీకర్ పెట్టెలు కొనుక్కొచ్చాడు. అవి అంతకు ముందు పింక్ ఫ్లాయిడ్ వాళ్ళు వాడినవట. మీసాలు సరిగా రాని కుర్రవాళ్ళు, మనిషి ఎత్తు స్పీకర్లు. ఈ కథ నాకిష్టం. ఎందుకంటే ఇలాంటి సంగీతంలో ఆంప్లిఫయరూ స్పీకరూ ఉత్త సామాను కావు, అవీ వాయిద్యాలే. గిటార్‌ని స్పీకర్‌కి దగ్గరగా తెస్తే, స్పీకర్‌లోంచి వచ్చే హోరు తీగను మళ్ళీ కదిలిస్తుంది. తీగ కదిలితే స్పీకర్ మళ్ళీ హోరెత్తుతుంది. వేలు తీసేసినా స్వరం ఆగదు. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. పెళ్ళిపందిట్లో మైకు కీచుమంటే చెవులు మూసుకుంటాం చూడండి, అదే సంగతి. ఆ కీచుని పట్టుకుని, అదుపులో పెట్టి, రాగంలా నడపడం వీళ్ళ విద్య.

ముగ్గురూ హాంబర్గ్ వెళ్ళి రికార్డు చేశారు. రికార్డింగ్ చేసిన ఇంజనీరు కోనీ ప్లాంక్. క్రాఫ్ట్‌వెర్క్, నోయ్ లాంటి జర్మన్ బృందాల రికార్డులు చేసి పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి. మూడు వాయిద్యాలు నిండు గొంతుతో మోగుతుంటే ఒకదాన్ని ఒకటి మింగేయకుండా టేపు మీదికి ఎక్కించడం మాటలు కాదు. ఈ రికార్డులో డ్రమ్స్ ఎక్కడా గిటార్ కింద నలిగిపోవు. ఆ ఘనతలో సగం ఆయనదే.

సరే, సూది రికార్డు మీద పెడదాం.

మొదటి వైపు. పేరు అంబాస్. అంటే కమ్మరి కొలిమి దగ్గర ఉండే దాగలి. పేరు విని మొదటి క్షణం నుంచే సుత్తి దెబ్బలు పడతాయనుకుంటారు. పడవు. మొదట దూరంగా ఒక హోరు. తాళాల మీద సన్నని గలగల. గిటార్ ఒక స్వరాన్ని అతి మెల్లగా పైకి తెస్తుంది, దింపుతుంది. మళ్ళీ తెస్తుంది. కొన్ని నిమిషాల పాటు ఏమీ జరగనట్టే ఉంటుంది. చాలామంది ఇక్కడే లేచిపోతారు. మీరు లేవకండి.

ఎందుకంటే ఆ సమయంలో ముగ్గురూ వాయిస్తున్నది తక్కువ, వింటున్నది ఎక్కువ. గిటార్ ఒక స్వరం మీద నిలబడుతుంది. బేస్ తొందరపడి దాని వెంట పరుగెత్తదు. కొంతసేపు చూసి, కింద ఒకే ఒక్క స్వరం పెడుతుంది. డ్రమ్స్ ఇంకా తాళం పట్టవు. అటొక తట్టు, ఇటొక గలగల. ఎవరూ ఎవరినీ తోయరు.

తర్వాత ఎప్పుడో, ఏ క్షణమో చెప్పలేం, షుల్జె తాళం పట్టేస్తాడు. ఒకసారి పట్టాక ఇక వదలడు. ఆ చేతుల జోరు చూడాలి. కాదు, వినాలి. గుండ్రంగా తిరిగే ఒకే నడక, ప్రతి చుట్టుకూ కొంచెం కొంచెం చిక్కబడుతూ పోతుంది. అప్పుడు గోట్షింగ్ గిటార్ మందపు గొంతు ఎత్తుకుంటుంది. తీగ వంగుతుంది, అరుస్తుంది, ప్రతిధ్వనిలో రెండుగా నాలుగుగా చీలిపోతుంది. పద్దెనిమిదేళ్ళవాడి చెయ్యి అది. అయినా చూపించుకోవాలన్న ఆత్రం లేదు. డ్రమ్స్ ఎగసినప్పుడు తాను ఒక స్వరం మీద ఆగుతాడు. డ్రమ్స్ కాస్త తగ్గగానే తాను బయల్దేరతాడు.

ఈ ముచ్చట మనకు కొత్తది కాదు. కచేరీలో గాయకుడు ఆలాపన చేస్తుంటే వెనక వయొలిన్ విద్వాంసుడు ఏం చేస్తాడు? పాడినది పాడినట్టే నీడలా పట్టుకుంటాడు. గాయకుడు ఊపిరి తీసుకున్న చోట తాను ఒక గీత గీసి వదులుతాడు. తరవాతి సంగతి ఎటు పోతుందో ఆయనకు తెలియదు. చెవి నడిపిస్తుంది. పైగా ఎల్పీ రికార్డు ఒక్కో వైపు పట్టేది ఆ ఇరవై, పాతిక నిమిషాలే. ఒక వైపంతా ఒకే రాగం నింపిన రికార్డులు మన ఇళ్ళలోనూ ఉండేవి.

అయితే ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. మన విద్వాంసులకు రాగం ఉంది. ఏ స్వరం పెట్టాలో, ఏది పెట్టకూడదో ముందే తెలుసు. ఆ కట్టుబాటు వెనక గురువు ఉన్నాడు, పరంపర ఉంది. ఈ ముగ్గురికీ అలాంటి పూచీ ఏదీ లేదు. తప్పు స్వరం ఇదీ అని చెప్పేవాళ్ళే లేరు. అలాంటప్పుడు మొత్తం కుప్పకూలకుండా పట్టి ఉంచేది ఒక్కటే. పక్కవాడు ఏం వాయిస్తున్నాడో వినడం. మళ్ళీ అంటున్నాను, వినడం. జామ్ అంటే ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు వాయించుకోవడం అని చాలామంది అనుకుంటారు. అలా వాయించిన రికార్డులూ బోలెడున్నాయి. వాటిని రెండోసారి ఎవరూ వినరు.

రికార్డు తిప్పుదాం. రెండో వైపు పేరు ట్రౌమ్‌మషీనె. కలల యంత్రం. ఇందులో హోరు తగ్గిపోతుంది. తీగ మీటిన చప్పుడు కూడా వినపడకుండా గిటార్ స్వరాలు పొగలా లేస్తాయి. ఇది గిటారా, ఆర్గనా అని సందేహం వస్తుంది. చాలాసేపటికి చేతి డప్పుల లాంటి లయ ఒకటి మెల్లగా చేరుతుంది. నా మటుకు నాకు ఈ వైపు కొంత సాగదీత కనిపిస్తుంది. 25 నిమిషాల్లో ఓ ఆరేడు నిమిషాలు కత్తిరించినా కల చెదరదు. కానీ రాత్రి దీపం ఆర్పి వినేవాళ్ళు ఈ రెండో వైపు కోసమే రికార్డు కొంటారు. వాళ్ళతో నాకు పేచీ లేదు.

రికార్డు వచ్చాక ఏం జరిగింది? షుల్జె వెళ్ళిపోయాడు. డ్రమ్స్ వదిలేసి, 1972లో సొంతంగా ఇర్‌లిష్ట్ అనే రికార్డు చేశాడు. పాడైపోయిన ఒక ఆర్గన్, ఒక ఆర్కెస్ట్రా టేపులు, అవే సరంజామా. ఆ తరవాత ఎలక్ట్రానిక్ సంగీతంలో ఆయన పెద్ద తలకాయ. అంత జోరుగా డ్రమ్స్ వాయించే మనిషి డ్రమ్స్ ముట్టడం దాదాపు మానేశాడంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

గోట్షింగ్, ఎన్కె అదే 1972లో స్విట్జర్లాండ్ వెళ్ళి టిమొతీ లియరీతో కలిసి సెవెన్ అప్ అనే రికార్డు చేశారు. లియరీ అంటే, ఎల్ఎస్‌డీ అనే మత్తుమందుని ప్రచారం చేసి, అమెరికా జైలు నుంచి తప్పించుకుని ప్రవాసంలో ఉన్న ప్రొఫెసరు. ఆ రికార్డు చుట్టూ కథలు చాలా ఉన్నాయి. సంగీతం మాత్రం తక్కువ. గొంతులు వచ్చాయి, మాటలు వచ్చాయి, మొదటి రికార్డులో ఉన్న ఆ వినికిడి పోయింది. సైకడెలిక్ అనగానే మత్తుమందుల ముచ్చట్లే చెబుతారు గాని, అంబాస్ లాంటిది మత్తులో తూగుతూ వాయించేది కాదు. 20 నిమిషాలు పక్కవాడి చెయ్యి మీద చెవి పెట్టి ఉంచాలి.

ఆ తర్వాత ముగ్గురూ ఒకసారి కలిశారు. 1973లో వచ్చిన జాయిన్ ఇన్ అనే రికార్డు దాని ఫలితం. మళ్ళీ షుల్జె డ్రమ్స్, మళ్ళీ అదే ఊపు. మొదటి రికార్డు నచ్చినవాళ్ళు నేరుగా అక్కడికి వెళ్ళవచ్చు.

ఆ రోజుల్లోనే ఒక కచేరీలో ఎన్కె వాయిస్తూ వాయిస్తూ ఆపేశాడు. స్టేజి మీదే కూర్చుండిపోయాడు. తర్వాత అడిగితే, మీరిద్దరూ వాయిస్తున్నది అంత అందంగా ఉంది, నాకు వినాలనిపించింది అన్నాడని గోట్షింగ్ చెప్పేవాడు. అటుపైన ఎన్కె సంగీతం నుంచే తప్పుకున్నాడు. 2005లో పోయాడు. వినడం మీద కట్టిన బృందంలో ఒకడు వినడంలోకే వెళ్ళిపోయాడని దీన్ని అందంగా చెప్పేవాళ్ళున్నారు. నేనలా చెప్పను. ఇరవై ఏళ్ళ కుర్రవాడు వాద్యం దించేశాడు. ఒక మంచి బేస్ చెయ్యి మనకు లేకుండా పోయింది.

గోట్షింగ్ మాత్రం ఆగలేదు. 1981 డిసెంబరు 12న తన ఇంటి స్టూడియోలో ఒంటరిగా కూర్చుని, యంత్రాలను నడిపిస్తూ, వాటిపైన గిటార్ వాయిస్తూ, దాదాపు గంటసేపు ఏకబిగిన వాయించాడు. మర్నాటి ప్రయాణంలో వినడానికి ఏదైనా ఉంటుందని టేపు చేసుకున్నాడట. ఈ2-ఈ4 అన్న పేరుతో 1984లో విడుదలైంది. తర్వాత ప్రపంచమంతా క్లబ్బుల్లో డాన్స్ సంగీతం కట్టేవాళ్ళు దాని మీద పడ్డారు. తనతో తానే జామ్ చేసుకున్న మనిషి అన్నమాట. 2000లో లండన్‌లో షుల్జెతో కలిసి మళ్ళీ స్టేజి ఎక్కాడు. ఇద్దరూ ఒకే ఏడాది, 2022లో కన్నుమూశారు. షుల్జె ఏప్రిల్‌లో, గోట్షింగ్ డిసెంబరులో.

ఈ దారిలో ఇప్పటికీ నడిచేవాళ్ళున్నారు. అమెరికాలో శాన్ డియేగో నుంచి ఎర్త్‌లెస్ అనే బృందం ఉంది. వాళ్ళూ ముగ్గురే. 2005లో వచ్చిన వాళ్ళ మొదటి రికార్డులోనూ మాటలు లేవు, రెండే అంశాలు, ఒక్కోటీ సుమారు 20 నిమిషాలు. హోరు మాత్రం బెర్లిన్ వాళ్ళకంటే ఎక్కువ.

ఇక మీరు వినే సంగతి. రికార్డు పేరు మరోసారి, ఆష్ రా టెంపెల్, 1971. ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. కానీ ఫోన్ స్పీకర్లో వినకండి. అందులో బేస్ అసలు పలకదు, ముగ్గురిలో ఒకడు మాయమైపోతాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. మొదటి వైపు అంబాస్‌తో మొదలుపెట్టండి. మొదటిసారి ఏమీ వెతక్కుండా వినండి. రెండోసారి గిటార్‌ని వదిలేసి డ్రమ్స్ వెంటే వెళ్ళండి. ఓపిక ఉంటే ఇంకోసారి, ఎన్కె బేస్ ఒక్కటే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. ఆయన ఎక్కడెక్కడ వాయించకుండా ఊరుకున్నాడో లెక్కపెట్టండి. ఇంట్లో మంచి స్పీకర్లు ఉన్నవాళ్ళు పక్కింటివాళ్ళకు ముందుగా ఓ మాట చెప్పి వాల్యూమ్ పెంచుకోండి. తక్కువ గొంతులో ఈ సంగీతం సగమే మోగుతుంది.